నాలుగు వేళ్ళ పట్టు

దుర్గమ్మ కొండ వైపు తిరిగి, చెప్పులు విప్పి, రెండు చేతులూ గుండెల మీద పెట్టుకుని చెప్తున్నాను: ఈ రాసేదాంట్లో ప్రతి అక్షరమూ నిజం. నా సంగతి తెలిసినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలెడతారు. నవ్వనీండి. బెంజ్ సర్కిల్లో సిటీ బస్సుని ఒంటి చేత్తో ఆపానని చెప్పుకు తిరిగినవాణ్ణి నేనే. ఆ బస్సు అప్పటికే సిగ్నల్ దగ్గర ఆగి ఉందన్న ముక్క మింగేశానంతే. ఇది ఆ బాపతు కాదు.

ఇరవై ఆరేళ్ళు ఒకే జిమ్ములో మాస్టారుగా చేశాను. బెంజ్ సర్కిల్ వెనక సందులో, ఒకప్పుడు చీరల గోడౌన్‌గా ఉన్న పొడుగాటి గది. ముందు షట్టరు, వెనక నీళ్ళ తొట్టి, మధ్యలో ఇనుము. ఇప్పుడు మానేసి ఇంట్లో కూర్చున్నాను. కొత్తగా ట్రైనర్లుగా చేరుతున్న పిల్లలూ, ఇది మీకోసం. మీకు సర్టిఫికెట్లున్నాయి. ఏ కండ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఫోన్లో రంగుల బొమ్మ వేసి చూపిస్తారు. నా దగ్గర ఉన్నదల్లా ఒక సుద్దపొడి డబ్బా.

ఆ డబ్బా సంగతి చెప్పాలి. బెంచి మీద వెల్లకిలా పడుకుని ఇనప కడ్డీని ఛాతీ మీదికి దించి మళ్ళీ పైకి నెడతాం కదా. ఆ కడ్డీని ఎక్కడ పట్టుకున్నామన్న దాన్ని బట్టే పని ఎవరి నెత్తిన పడుతుందో తేలుతుంది. చేతులు ఎడంగా పెడితే భారం ఛాతీ మోస్తుంది. మరీ ఎడమైతే భుజం కీలు ఏడుస్తుంది. దగ్గరగా పెడితే ఛాతీ మెల్లగా తప్పుకుని పనంతా చేతి వెనక కండ మీదికి తోసేస్తుంది. అరచేతులు మన మొహం వైపు తిప్పి పట్టుకుంటే మెడ కిందున్న ఛాతీ పై అంచు నిద్ర లేస్తుంది. ఉమ్మడి కుటుంబంలో అంట్ల గిన్నెల్లాంటిది వ్యవహారం. ఎవరో ఒకరు తోమాలి. చెయ్యి నాలుగంగుళాలు జరిపితే తోమేవాళ్ళు మారతారు.

అయితే ఎవర్నడిగినా "సరిగ్గానే పట్టుకున్నానండి" అనే అంటారు. అందుకని నేను కడ్డీ మీద పల్చగా సుద్దపొడి చల్లి, ఒక సెట్టు చేయించి, లేపేసి, పడిన ముద్రలు చదివేవాణ్ణి. టాల్కం పౌడరు వాడకండి, అది జారుతుంది. సుద్ద జారదు, అబద్ధం కూడా చెప్పదు.

మా పొద్దుటి బ్యాచ్‌లో చీరల కొట్టాయన ఒకరుండేవారు. తాతల కాలంలో మగ్గాలు, ఈయన కాలానికి గాజు కౌంటరు. ఎప్పుడు చూసినా ఈయన ఎడం చెయ్యి కుడి కంటే బెత్తెడు బయటికి పడేది.

"ఏవండీ, మీరు బట్ట కొలిచేటప్పుడు చాపేది ఎడం చెయ్యేనా?" అన్నాను ముద్రలు చూసి.

ఆయన తెల్లబోయారు. "ఎలా కనిపెట్టారు మాస్టారూ?"

"కనిపెట్టడమేంటి! మీ ఎడమ ఛాతీ షోరూంలా ఉంది, కుడిది గోడౌన్‌లా ఉంది."

"మెల్లగా అనండి. మా ఆవిడ వింటే కుడివైపుకి డిస్కౌంటు అడుగుద్ది."

అలా నవ్వుకుంటూ గడిచిపోయే ఉద్యోగం నాది. ఆ సముద్రం కుర్రాడు వచ్చేదాకా.

బందరు అవతల, చేపల వేట మీద బతికే కుటుంబం. పాతికేళ్ళ వయసు. కంకిపాడులో గది తీసుకుని, లారీల మీద వచ్చే చేపల ట్రేలు దించే పని చేసేవాడు. పొద్దున్నే లోడు దించి, బస్సెక్కి, తొమ్మిదింటికి నా దగ్గరికి వచ్చేవాడు. మొదటిరోజే వాడి ముద్రలు చూసి ఆగిపోయాను. నాలుగు వేళ్ళున్నాయి. బొటనవేలు లేదు.

"బొటనవేలు ఏదిరా?"

"ఉందండి." చూపించాడు.

"కడ్డీ చుట్టూ లేదేం?"

"చుట్టకూడదండి. మా నాన్న చెప్పాడండి, తాడుకి బొటనవేలివ్వకూడదని. వల బరువెక్కి తాడు ఒక్క గుంజు గుంజిందనుకోండి, నాలుగు వేళ్ళు వదిలేస్తాయండి. చుట్టుకున్న వేలు మటుకు తాడుతోటే పోద్దండి."

"ఇది తాడు కాదు, కడ్డీ."

"బరువే కదండి," అన్నాడు.

తెలిసినవాళ్ళకి తెలుసు, పడుకుని నెట్టేటప్పుడు బొటనవేలు కడ్డీ చుట్టూ వెయ్యకపోవడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. వేలు తలుపు గడియ లాంటిది. గడియ లేకపోతే కడ్డీ అరచేతిలోంచి దొర్లి గుండెల మీదో గొంతు మీదో పడుతుంది. అంతా తెలిసి కూడా నేను ఊరుకున్నాను. ఎందుకంటారా? వేలు తీసేస్తే కడ్డీ సరిగ్గా మణికట్టు ఎముక మీద కూర్చుంటుంది, నెట్టే బలం వృథా పోదు. ఆ పట్టు వాడికి చిన్నప్పట్నుంచీ ఒంటబట్టింది. నెలనెలా ఎత్తే బరువు పెరిగిపోతోంది. వాడి ఛాతీ చూస్తే నాకే ముచ్చట. ఎనిమిది నెలలు ముచ్చటపడుతూ కూర్చున్నాను. రాసుకోండి, ఇది నా మొదటి తప్పు.

తర్వాత ఇలా పడుకుని బరువు నెట్టే రాష్ట్రస్థాయి పోటీలొచ్చాయి. మొదటి మూడు స్థానాల్లో ఒకటొస్తే స్పోర్ట్స్ కోటాలో కానిస్టేబుల్ ఉద్యోగానికి దారి ఉంది. వాడికి వయసు దాటిపోవడానికి ఒక్క ఏడాదే ఉంది. ఈసారి తప్పితే మళ్ళీ పడవే గతి. పడవెక్కొద్దని వాళ్ళ నాన్న ఊరొదిలే రోజునే చేతిలో చెయ్యి వేయించుకున్నాట్ట. పోటీ నియమాల కాగితం చదివితే అందులో స్పష్టంగా ఉంది: బొటనవేలు కడ్డీ చుట్టూ ఉండాలి. లేకపోతే ఎంతెత్తినా ఎత్తనట్టే.

మూడు నెలల టైముంది. మెడికల్ షాపు ప్లాస్టరు తెచ్చి, కడ్డీ పట్టించి, వాడి బొటనవేలిని దాని చుట్టూ తిప్పి చూపుడువేలికి కలిపి అంటించాను. తేలిక బరువులకి బుద్ధిగా ఉండేది. నూరు కిలోలు దాటిందంటే చాలు, ప్లాస్టరు పటపటా చీలి వేలు దానంతటదే విచ్చుకునేది. వాడు కావాలని చేసేది కాదు. "వేలు నా మాట వినట్లేదండి" అనేవాడు దిగులుగా.

సరిగ్గా ఆ ప్లాస్టరు అంటించిన రోజునే మొదలైంది.

మా జిమ్ము మధ్యాహ్నం పన్నెండుకి మూసి నాలుక్కి తెరుస్తాం. మూసేముందు తుడిచే అక్క కడ్డీలన్నీ పొడిగుడ్డతో తుడిచేది. సాయంత్రం బ్యాచ్ కోసం నేను సుద్ద చల్లి షట్టరు దించి తాళం వేసేవాణ్ణి. తాళంచెవి నా దగ్గరే. ఆ రోజు నాలుగింటికి షట్టరు లేపితే లోపలున్న వేడి మొహం మీదికి కొట్టింది. మొదటి బెంచి దగ్గర కడ్డీ మీద రెండు చేతుల ముద్రలున్నాయి.

"అక్కా, ఇది తుడవలేదా?"

"తుడిచానయ్యా. పక్కన నిలబడి పొడి చల్లింది నువ్వేగా." దగ్గరికొచ్చి వంగి చూసింది. "ఎవడో వేలు లేనోడయ్యా," అని చీపురు అక్కడే వదిలేసి బయటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం లోపలికి రానేలేదు.

నేను చదివాను. నా పని అదే కదా. ఎడం చేతికి అయిదు వేళ్ళూ ఉన్నాయి. కుడి చేతికి నాలుగే. మా కుర్రాడి ముద్రేమో అనుకుందామంటే, వేలు చుట్టకపోయినా బొటనవేలి మొదలు దగ్గర కండ అచ్చు పడుతుంది. ఇక్కడ అదీ లేదు. అరచెయ్యి అక్కడితో అయిపోయింది. ఇంకోటి, ముద్రలు పడుకున్నవాడు పట్టుకునే చోట లేవు. మధ్యలో, దగ్గర దగ్గరగా ఉన్నాయి. వేళ్ళు కింద నుంచి పైకి చుట్టుకున్నాయి, అదీ తల వైపు నుంచి. పెద్ద బరువు ఎత్తేటప్పుడు తలాపున ఒక మనిషి నిలబడతాడు, కడ్డీ జారితే అందుకోవడానికి. స్పాటర్ అంటాం. అది నెట్టేవాడి పట్టు కాదు. అందుకునేవాడి పట్టు.

మర్నాడు పొద్దున్నకి ఆ వేళ్ళున్న మేర తుప్పు పట్టింది. నాలుగు ఎర్రటి గీతలు ఒక పక్క, అయిదు ఒక పక్క. ఉప్పునీళ్ళు తగిలిన ఇనుముకి పట్టినట్టు.

చీరల కొట్టాయన మీద అనుమానపడ్డాను, హాస్యాలాడే మనిషని. ఆయన రెండు చేతులూ నా ముందు చాపారు. "లెక్కపెట్టుకోండి మాస్టారూ, పదీ ఉన్నాయి. స్టాకు చెక్ చేసుకోండి." తాళం మార్చాను. మళ్ళీ ముద్రలు. వెనక తొట్టి పక్క కిటికీకి మేకులు కొట్టించాను. మళ్ళీ ముద్రలు. కుర్రాడు రాని రోజున మాత్రం కడ్డీ శుభ్రంగా ఉండేది.

ఒక మధ్యాహ్నం షట్టరు లోపల్నుంచి దించుకుని, స్టూలు వేసుకుని కూర్చున్నాను. లైటు వేసే ఉంచాను, నేనేం అంత వీరుణ్ణి కాదు. బయట ఆటోల హారన్లు వినిపిస్తున్నాయి. లోపల చెమట చుక్క గచ్చు మీద పడితే వినపడేంత నిశ్శబ్దం. మూడయ్యుంటుంది. కడ్డీ చివర్లకున్న బరువు పళ్ళేలు ఒకదానికొకటి తగిలి సన్నగా టింగుమన్నాయి. చూస్తూ ఉండగానే సుద్ద మీద ఒక వేలి అచ్చు పడింది. కాసేపాగి రెండోది. తడి తాడుని తడిమి చూసినట్టు, తొందరేం లేకుండా, ఒక్కొక్క వేలే. తొమ్మిదోది పడి ఆగింది. పదోది ఇంకా పడుతుందేమోనని నేను చూస్తున్నాను. పడలేదు. కడ్డీ మటుకు అది ఆనే స్టాండు కొక్కేల మీంచి కొంచెం పైకి లేచి, మళ్ళీ కూర్చుంది. బరువు ఎంతుందో చూసుకున్నట్టు.

షట్టరు ఎలా లేపానో తెలీదు. చెరకు రసం బండి దగ్గర మూడు గ్లాసులు తాగాక గానీ నా పేరు నాకు గుర్తు రాలేదు.

కుర్రాడికి చెప్పలేదు. చెప్తే బెదిరి మానేస్తాడని, మానేస్తే మెడల్ పోతుందని. ఇది రెండో తప్పు.

పోటీలు ఇంక మూడు వారాలు. మంగళవారం. పొద్దుటి బ్యాచ్ వెళ్ళిపోయింది. పదిన్నర దాటింది. అక్క వెనకాల తొట్టి దగ్గర గుడ్డలు ఉతుకుతోంది. నూట ముప్పై కిలోలు, ప్లాస్టరు లేకుండా, వేలు మూసి ఎత్తాలి. మొదటిసారి. వాడు పడుకుని, కళ్ళు మూసుకుని, రెండు బొటనవేళ్ళూ కడ్డీ చుట్టూ వేసి అడిగాడు:

"ఉన్నారా మాస్టారూ?"

"ఉన్నా. ఎత్తు."

కొక్కేల మీంచి తీశాడు. దించాడు. గుండెకి తాకించి నెట్టాడు. సగం దాకా బాగానే వచ్చింది. అక్కడ బరువు ఒక్క క్షణం నిలబడింది. అంతే, కుడి బొటనవేలు పువ్వులా విచ్చుకుంది. కడ్డీ అరచేతి అంచు మీంచి దొర్లి ధడాలున ఛాతీ మీద పడి, గొంతు వైపు కదిలింది. నేను వెంటనే వంగి, రెండు చేతులూ కింద నుంచి వేసి, దుర్గమ్మ తల్లీ అని ఒక్క ఊపు ఊపాను. నా వయసు యాభై. నడుం అప్పటికే రెండుసార్లు పట్టేసిన సరుకు. అయినా నూట ముప్పై కిలోలు లేచి కొక్కేల మీద పడ్డాయి.

కుర్రాడికి ఛాతీ కమిలింది. ఎముకలకేం కాలేదు. పదిరోజులు రెస్టు అన్నారు డాక్టరు గారు.

రెండ్రోజులకి వాళ్ళ నాన్న వచ్చాడు. సన్నగా, ఎండి నల్లబడ్డ మనిషి. చంకలో ఎండు రొయ్యల మూట. బెజవాడ రావడం అదే మొదటిసారట. లోపలికి రాకుండా షట్టరు బయటే చెప్పులు విప్పి, నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. కుడి చేతికి బొటనవేలు లేదు. మొదటికంటా లేదు.

"నా బిడ్డని నిలబెట్టావు బాబూ," అన్నాడు.

నేను ఆ చేతులు పట్టుకుని దించి, తిప్పి చూశాను. రెండు అరచేతుల్లోనూ వజ్రాల ఆకారంలో చిన్న చిన్న గళ్ళు, ఎర్రగా, పచ్చిగా ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళు చూశాను ఆ గళ్ళని. పట్టు జారకుండా ఇనప కడ్డీ మీద చెక్కే గరుకు అచ్చు అది.

"ఇవెక్కడివి పెద్దాయనా?"

"తాడుకి ఒరుసుకున్నాయి బాబూ. మొన్న మంగళారం పొద్దున పది దాటాక వల లాగుతున్నామండి. ఉన్నట్టుండి బరువెక్కిపోయింది. తాడు తాడులాగా లేదండి. సల్లగా, గరుగ్గా ఉంది. పక్కనోళ్ళు వదిలెయ్యమన్నారు. నాకెందుకో వదల బుద్ధెయ్యలేదు. ఊపిరి బిగబట్టి ఒక్క ఊపు లేపాను. తేలిపోయింది. వల్లో చూద్దును కదా, ఏమీ లేదండి. చేప పిల్ల కూడా లేదు."

"మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావు?" అన్నాను.

"ఏం చేత్తానండి, పాక ముందు చాపేసుకుని కునుకు తీత్తాను. ఈ మధ్య నిద్దట్లో చేతులాడిత్తన్నానని మా ఆడది ఒకటే నవ్వు."

ఆయన లోపలికొచ్చి ఆ కడ్డీని చూశాడు. ముట్టుకోలేదు. కొడుకుని పిలిచి, మూడు మాటల్లో చెప్పాడు. నేను రెండు నెలలకి పైగా చెప్పలేకపోయిన మాట.

"ఒరే, ఇది మనల్ని లాగేది కాదురా. మనం నెట్టేది. దీనికి వేలియ్యొచ్చు."

అంతే. ఆ తర్వాత వాడి వేలు ఎప్పుడూ విచ్చుకోలేదు. కడ్డీ మీద ముద్రలూ పడలేదు. పోటీల్లో నూట ముప్పై ఎత్తకపోయినా, ఎత్తినదాన్ని వేలు మూసి నిబ్బరంగా ఎత్తాడు. మూడో స్థానం. ఇప్పుడు యూనిఫాం వేసుకుని తిరుగుతున్నాడు. నేను ఆ నెలాఖరుకే జిమ్ము మానేశాను. నడుం నొప్పని చెప్పాను అందరికీ. వాడు ఎక్కడ కనపడినా జీపు దిగి, పక్కనున్నవాళ్ళకి "నా ప్రాణం నిలబెట్టిన మాస్టారండి" అని పరిచయం చేస్తాడు. వాళ్ళు నా భుజాల వైపు మర్యాదగా చూస్తారు.

ఇందులో ఒక ముక్క నేను కల్పించింది ఉంది. ముద్రలనుకుంటారు మీరు, కాదు. తుప్పూ కాదు. ఖాళీ వల ఆ పెద్దాయన చెప్పింది చెప్పినట్టే రాశాను. గళ్ళు నా కళ్ళతో చూశాను.

కడ్డీ ఎత్తింది నేను కాదు.

నేనసలు బెంచి దగ్గర లేను. షట్టరు బయట ఫోనులో ఉన్నాను. పక్క జిమ్ము మాస్టారికి, మా కుర్రాడు ఈసారి మెడల్ పట్టుకొస్తాడు చూస్కో అని కోతలు కోస్తున్నాను. లోపల్నుంచి వాడు "ఉన్నారా మాస్టారూ?" అన్నాడు. ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యకుండానే "ఉన్నా, ఎత్తు" అన్నాను, పదిహేనడుగుల దూరం నుంచి. పిల్లలూ, ఆ మాట మీరెప్పుడూ అనకండి.

ధడాలున చప్పుడైంది. నేను పరుగెత్తి లోపలికి వచ్చేసరికి కడ్డీ కొక్కేల మీద ఉంది. ఇంకా సన్నగా ఊగుతోంది. దాని మధ్యలో సుద్ద మీద తొమ్మిది వేళ్ళు. నా అరచేతులకి పొడే అంటలేదు.

వాడు ఇంకా కళ్ళు తెరవలేదు. ఛాతీ పట్టుకుని, రొప్పుతూ, "చల్లగా ఉండాలండి మీరు. మీరు లేకపోతే పోయేవాణ్ణండి," అన్నాడు.

"పర్లేదురా," అన్నాను.